అంజిలమ్మ ఏరిన పన్ను

వికారాబాద్ అవతల మట్టిగుంటల దగ్గర పదకొండు ఎండాకాలాలు పనిచేసింది అంజిలమ్మ. అక్కడ వెతికేది ఏనాడో అంతరించిన జంతువు కోసం. ఎలుకంత జంతువట, రాక్షసబల్లుల కాళ్ల సందున తిరిగేదట. ఒళ్లంతా మన్నైపోయి పళ్లు మిగిలాయి, అవీ ఆవగింజంత. మట్టి నానబెట్టి, జల్లెడ పట్టి, మిగిలిన నూకను పళ్లెంలో పరచాలి. సన్న కుంచె మొనను నాలుకతో తడుపుతూ ఒక్కో రవ్వనూ కదపాలి. పన్నైతే ఆ తడికి అంటుకుని లేస్తుంది.

చదువుకున్న పిల్లలు భూతద్దాలు పెట్టుకుని రాళ్లు ఏరేవాళ్లు. అంజిలమ్మ ఉత్త కళ్లతో పళ్లు ఏరేది. ఇరవయ్యారు ఏరింది. ఆ పళ్లు దాచిన ఒక్క డబ్బీ మీదైనా ఆమె పేరుందా? ఉంటే ఒట్టు! అన్నిటి మీదా తవ్వకాలు చేయించే వర్ధన్ సారు పేరే. ఆ మహానుభావుడు గొడుగు కింద కూర్చుని టీ తాగడం తప్ప చేసిందేమీ లేదు.

పోయినేడు ఆమె నోరు తెరిచి అడిగింది. "నా పేరు గూడ రాయి సారూ. నా మనుమరాలు బళ్లె చెప్పుకుంటది."

"పై దవడ పన్ను ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. అది ఏరు, రాస్తా," అన్నాడు అందరి ముందూ.

ఈ మే నెలలో, మిట్టమధ్యాహ్నం, అది దొరికింది. మూడు కొనల పన్ను. కుంచె మొన మీద నిలబెట్టి, "సారూ, పై దవడది!" అని కేకేసింది. వర్ధన్ పరుగున వచ్చి భూతద్దంలో చూశాడు. డబ్బీ తీసి, పెన్ను తీసి, తన పేరు రాసుకున్నాడు.

"ఇందులో వెయ్యి."

"నా పేరు రాస్తనంటివి గద సారూ?"

"వేలిముద్ర వేసేదాని పేరు రాస్తే పదిమందీ నా మొహాన ఉమ్మేస్తారు. కూలికొచ్చావు, కూలి తీసుకుపో."

అంజిలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. రోజూ చేసినట్టే కుంచె మొన నోట్లో పెట్టుకుంది. ఈసారి గుటక వేసింది.

"ఉమ్మెయ్! ఉమ్మెయ్యవే ముసలిదానా!" వర్ధన్ గొంతు చీరుకుపోయింది. "పోలీసుల్ని పిలుస్తా! జైల్లో తోయిస్తా!"

అంజిలమ్మ చెంబెత్తి గటగటా నీళ్లు తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని లేచింది.

"రేపు పొద్దుగాల మా ఇంటెన్కకు రా సారూ. నువ్వే కడుక్కో, నువ్వే ఏరుకో. అప్పుడు నీ పేరే రాసుకో, నేను అడిగితే చెప్పు."