కొత్త చిక్కుళ్ళు

నా చిన్నప్పుడు, మా నాన్నకు టీబీ ముదిరిన ఏడు, బంధువులు కూడా మా గడప తొక్కడం మానేశారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. ములకలపల్లి వైపు ఊరి నుంచి అడవి దారిన నడిచి వచ్చింది ఒక్క పాస్టరమ్మే. మేము మా పెద్దలనాటి వేల్పులను కొలిచేవాళ్ళం. ఆవిడను చూడగానే మా నానమ్మ "మతంల కలపనీకొచ్చింది" అని గొణిగింది.

సర్కారు దవాఖానాలో మాత్రలు ఊరికే ఇచ్చారు. కానీ ఖాళీ కడుపున వేసుకుంటే నాన్న కక్కేసేవాడు. అమ్మ కూలికి పోతేనే ఇంట్లో గంజి. ఆయనను వదిలి ఆమె ఎక్కడికి పోతుంది?

మొదటి రోజు పాస్టరమ్మ అన్నం, చిక్కుడుకాయ కూర తెచ్చింది. ఆ వాసనకే నాన్న లేచి కూర్చున్నాడు. నేను పళ్ళెం తెచ్చేలోగా నానమ్మ వచ్చి కూరగిన్నె మీద మూత పెట్టేసింది. చిక్కుడు పండుగ చేసి, వేల్పులకూ పోయిన పెద్దలకూ పెట్టనిదే మా ఊళ్ళో కొత్త చిక్కుళ్ళు ఎవరూ ముట్టరు. ముడితే ఇంటికి కీడు. ఉన్న కీడు చాలదా అని నానమ్మ ఏడ్చింది. నాకైతే ఒళ్ళు మండింది. ఆకలికి ఆచారమేమిటి? పాస్టరమ్మ కూడా అదే అంటుందని ఎదురుచూశాను. ఆవిడ మాత్రం "తెల్వక తెచ్చిన అమ్మా, తప్పయింది" అని, నాన్నకు ఉత్త అన్నం పెట్టి, కూర తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పప్పు తెచ్చింది. గడప దగ్గరే ఆగి, "ఇది నిరుటి కందులదే అమ్మా. పెట్టొచ్చునా?" అని నానమ్మను అడిగింది. ఇక రోజూ అంతే. అడిగాకే మూత తీసేది. నాన్న తిన్నాక, ప్రార్థన చేసుకోవచ్చా అని కూడా అడిగేది. నానమ్మ వద్దంటే గిన్నె కడుక్కుని పోయేది. కొన్నాళ్ళకు నానమ్మ వద్దనడం మానేసింది.

మాత్రలు కడుపులో నిలిచాయి, నాన్న మొహం తేటపడింది. "పండుగకు చిక్కుళ్ళు తింట" అనేవాడు. మేమూ నమ్మాం. పండుగ ఇంకా రానేలేదు, ఒక పొద్దున నెత్తురు కక్కుకుని పోయాడు. అందరం చుట్టూ ఉన్నాం, ఎవరమూ ఏమీ చేయలేకపోయాం. పాస్టరమ్మ ఆయన పాదాలు పట్టుకుని, "నా చేతుల ఏం లేకపాయె అమ్మా" అని ఏడ్చింది. దేవుడి మనిషి అంత మాట అంటుందని నేననుకోలేదు. నాకు చాలా భయమేసింది.

పండుగ రోజున నానమ్మ పోయిన పెద్దల వరుసలో తన కొడుక్కీ ఆకు వేసి చిక్కుళ్ళు వడ్డించింది. అది చూడలేక బయటికి వస్తే, అరుగు మీద పాస్టరమ్మ కూర్చుని ఉంది. అమ్మ ఆవిడ ముందూ ఆకు వేసింది. ఆవిడ వెంటనే చెయ్యి పెట్టలేదు. "ఆయనకు పెట్టలేంది నేనెట్ల తింట? ఆ దినం కూర తీస్కపోయినప్పటి సంది మా ఇంట్ల కూడ చిక్కుళ్ళు ముట్టలే" అంది.

నానమ్మ లోపలి నుంచి వచ్చింది. ఆవిడ పక్కన కూలబడి, తన చేత్తోనే ఆకు దగ్గరకు జరిపి, "ఇగ తిను బిడ్డా" అంది.

మేము మతం మారలేదు. ఆవిడ ప్రార్థనా నాన్నను నిలపలేదు, మా వేల్పులూ నిలపలేదు. ఎవరి మీద కోపగించుకోవాలో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఇప్పుడు ఊళ్ళో పిల్లలు నన్నే పెద్దమ్మా అంటున్నారు. జబ్బు పడిన ఇంటికి అన్నం పట్టుకెళ్తే గడప దగ్గరే ఆగి, "పెట్టొచ్చునా?" అని అడుగుతాను. వాళ్ళు తల ఊపేదాకా మూత తీయను.