తెల్ల గుర్రానికి పారాణి

మేము బ్రిస్బేన్‌ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉంటాం. మా అమ్మాయి మేఘన చిన్నప్పుడు స్వారీ నేర్చుకున్న తెల్ల గుర్రం స్నోయీ ముసలిదైపోయింది. దాన్ని గుర్రపుశాలవాళ్లు ఎక్కడో దూరంగా ఉన్న ఫారానికి పంపేస్తున్నారు. ఆఖరిసారిగా దానితో ఫొటోలు దిగాలని మేఘన ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడుకుంది. పంపే ముందురోజు పొద్దున్నే గుర్రపుశాలలో దానికి స్నానం చేయించి, జూలు దువ్వి, తెల్ల గౌను వేసుకోవడానికి వెళ్లింది.

నేను కారులోంచి మేఘన బూట్లు తెచ్చేలోగా, మాతో వచ్చిన మా అత్తగారు గుర్రం మొహం నిండా తను తెచ్చిన పసుపు రాసేశారు.

“ప్రయాణం పోయే ప్రాణి, బోసి మొహంతో పంపుతామా?” అన్నారావిడ.

మేఘన వచ్చి చూసి బావురుమంది. “అమ్మా, ప్లీజ్ డూ సమ్‌థింగ్! ఫొటోగ్రాఫర్ వచ్చేశాడు!”

కంగారులో కుళాయి దగ్గరున్న బట్టల సబ్బు తీసి రుద్దాను. సబ్బు తగలగానే పసుపు కాస్తా ఎర్రబడింది. రుద్దినకొద్దీ చెవులదాకా పాకింది.

“పారాణి పెట్టినట్టు ఎంత కళగా ఉందో!” అని మా అత్తగారు మురిసిపోయారు.

నేను స్పాంజి తడిపి మళ్లీ తుడవబోయాను. ఇంతలో స్నోయీ ఏడుస్తున్న మేఘన దగ్గరికెళ్లి, తన తడి మొహాన్ని ఆమె గుండెలకు ఆనించింది. గౌనంతా మరకే.

ఇంటికొచ్చాక ఆ గౌనును వాషింగ్ మెషిన్‌లో వేయబోతే మేఘన నా చేతిలోంచి లాక్కుంది. “డోంట్ వాష్ ఇట్, అమ్మా.”

ఆ ఎర్ర మొహంతోనే దిగిన ఫొటోలు గోడమీద ఉన్నాయి. వాటివంక ఎక్కువగా చూడదు గానీ, ఆ గౌనును మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వదు. ఆ రోజు నేనెంత రుద్దినా మరక వదలనందుకు ఇప్పుడు లోలోపల సంతోషిస్తుంటాను.