ఏ పురుగు?

నా చిన్నప్పుడు, దీపాలు పెట్టే వేళ దాటితే మా ఇంట్లో పామును పామనేవాళ్ళం కాదు, పురుగనేవాళ్ళం. పేరు పెట్టి పిలిస్తే వస్తుందని మా నాయనమ్మ నమ్మకం. ఒక సాయంత్రం వంకాయ కోస్తుంటే లోపల పురుగు కనబడి "పురుగు!" అని అరిచాను. మా చిన్నాయన కర్రతో ఉరికొచ్చాడు. అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని గడప దాటింది. నాయనమ్మ మాత్రం కదలకుండా "ఏ పురుగు బిడ్డా?" అని అడిగింది. వంకాయ ముక్క చూపించాను. ఇల్లంతా ఒకటే నవ్వు, నాకేమో తల కొట్టేసినంత పనైంది. ఉరికే ముందు అడగాలె అని మాత్రం అందామె.

అరవై ఏళ్ళ తర్వాత ఆ మాటను అబుదాబిలో మరిచిపోయాను. అక్కడికి దూరంగా రువైస్ అనే ఊళ్ళో ఉన్న కొడుకును చూడ్డానికి వెళ్తే, అబుదాబి మాల్‌లో కట్టిన గుహకు నన్ను తీసుకుపోవాలని ఏడేళ్ళ మనవరాలు వారం రోజులు ఒకటే గోల. అది మూసేసే ఆఖరి రోజు గంటలకొద్దీ కారులో కూర్చుని వెళ్ళాం. కొడుకు కారు పెట్టడానికి పోయాడు. మేమిద్దరం లైన్లో నిలబడ్డాం.

"లోపల ఫుల్ చీకటి నాయనమ్మా! పైనుంచి అన్నీ పురుగులే వేలాడ్తయ్!"

చీకట్లో నెత్తిమీద పాములా! పిల్ల రెక్క పట్టుకుని లైన్లోంచి లాగేశాను. బయటికొస్తున్నవాళ్ళేమో చంటిపిల్లల్ని ఎత్తుకుని నవ్వుతున్నారు. పిచ్చి వాళ్ళకా, నాకా? ఏమీ అర్థం కాలేదు. గేటు దగ్గరి మనిషి "యల్లా, యల్లా, లాస్ట్" అని తొందరపెడుతున్నాడు. పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది మా నాయనమ్మ. పిల్లను అడిగాను:

"ఏ పురుగు బిడ్డా?"

ముక్కు ఎగబీలుస్తూ వేలి కొస చూపించింది. "గింతే. లైట్ వస్తది."

మిణుగురు! ఆ మాట దానికి రాదు, మేమెవరం నేర్పితే కదా. పురుగంటే పామని అసలే తెలియదు. నా మతి మండ! మూయబోతున్న గేటు దగ్గరికి ఇద్దరం పరిగెత్తాం. ఆ మనిషి నవ్వి లోపలికి వదిలాడు. నెత్తిమీదంతా నీలిచుక్కలు. అవి నిజం పురుగులో, కరెంటు దీపాలో నాకు ఇప్పటికీ తెలియదు. పిల్ల మాత్రం నా చెయ్యి వదలకుండా "మిణుగురు, మిణుగురు" అని వల్లిస్తూనే ఉంది.

ఇప్పుడు ఫోన్లో దాని ముఖం ముడుచుకుని కనబడితే ఏమైందని అడగను, ఏ పురుగు అంటాను. అంతా చెప్పేస్తుంది. మొన్న నేనే ముభావంగా ఉంటే ఏమైందని అదే అడిగింది, ఏం లేదన్నాను.

"ఏ పురుగు నాయనమ్మా?" అంది.

నాకు చేయబోయే కంటి ఆపరేషనంటే భయంగా ఉందని, కొడుక్కి కూడా చెప్పనిది, దానికి చెప్పేశాను.