ఊబిలో దూరిన నిప్పు

మా అత్తకు ఇద్దరు దేవుళ్లు. ఒకరు ఊరి తల్లి, ఇంకొకరు ఇప్పచెట్టు. తల్లికి ఏడాదికోసారి కోడి, చెట్టుకు రోజూ పలకరింపు. ఆ చెట్టు పువ్వే ఎండాకాలంలో మా ఇంటికి ఆధారం మరి. ఆ ఇద్దరి తర్వాత నా చోటు మేకలకు ముందో వెనకో ఇప్పటికీ తేలలేదు.

చెట్టు మా చేను దిగువన ఊబి గట్టు మీద ఉండేది. నడి ఎండల్లో కూడా అడుగేస్తే మోకాలి దాకా దిగబడే ఊబి. నేను కాపురానికొచ్చిన కొత్తలో నా చెప్పొకటి మింగింది, మళ్లీ ఇవ్వలేదు. అందులో పడిన ఆకూ గడ్డీ పూర్తిగా కుళ్లవు. తాతల కాలం నుంచి నీళ్ల కింద నల్లటి మెత్తటి మన్నై పొరమీద పొర పేరుకున్నాయి. గాలిలో కలవాల్సిన కార్బన్ అలా నేలలోనే దాగి ఉంటుందని ఫోనులో చదివి అత్తకు చెప్పాను.

"నీ చెప్పు గూడ ఆడ్నే ఉంటది తియ్," అంది.

పువ్వు రాలే ముందు చెట్టు కింద ఆకులు కాల్చడం మా దగ్గర అందరి అలవాటు. నేల నల్లబడితే తెల్లటి పువ్వు ఇట్టే కనబడుతుంది. మంట ఊబి దాకా పోయినా తడి తగిలి చచ్చేది. ఆ ఏడు మాత్రం వానలు మధ్యలోనే మొహం చాటేశాయి. చలి పోకముందే ఎండలు ముదిరి, ఊబి ఎండి నెర్రెలిచ్చింది.

"ఈసారి ఊడుద్దాం అత్తా, నిప్పొద్దు. ఊబి మన్ను ఎండింది, పిడకలా అంటుకుంటుంది," అన్నాను.

"ఏందే పిల్లా! మా అత్త ఊడ్సిందా, నేను ఊడ్సనీకి? ఊబికి యాడన్నా నిప్పంటుకుంటదా?"

అంటుకుంది. పైమంట ఆరినా నెర్రెల్లోంచి పొగ ఆగలేదు. బిందెలకొద్దీ నీళ్లు పోశాం. చుట్ట తాగే ముసలాడిలా ఊబి ఓసారి ఇక్కడ, ఓసారి అక్కడ పొగ వదిలేది. తాతల నాటి నుంచి దాచిందంతా గాలికి ఊదేస్తోందని దాన్ని నోరారా తిట్టాను. అత్త ఇంకో కోడిని మొక్కుకుంది. తల్లికి తీరిక లేదు కాబోలు.

పువ్వు మాత్రం విరగరాలింది. "సూసినవా?" అంటూ అత్త వేడి నేల మీద గంతులేస్తూనే ఏరింది.

తొలకరికి ముందు, ఆకు కదలని ఒక ఉదయం చెట్టు కూలిపోయింది. కొమ్మల నిండా పచ్చటి ఆకులు, కాయలు. కింద వేళ్లన్నీ బొగ్గు. ఆ చెట్టంటే నాకు ఎప్పుడూ కుళ్లే, అయినా ఏడుపాగలేదు. అత్త ఏడవలేదు. గుంతలో చెయ్యి పెట్టి, "ఇంకా కాలుతున్నది," అంది.

మళ్లీ పువ్వు కాలం వచ్చింది. అత్త పొద్దున్నే చీపురు పట్టుకుని బయల్దేరింది. చెట్టు లేని ఆ నేలను ఒక్క ఆకు మిగలకుండా ఊడ్చింది. ఊడ్చినంతసేపూ నేను ఖాళీ గంపతో పక్కనే నిలబడ్డాను.