ఒరగని మనిషి

గొర్లు కాసేవాడి నిద్ర వేరు. మంద పక్కన గొంగడి కప్పుకొని, కట్టె మీద చేతులు ఆనించి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే కన్ను మూస్తాడు. మామూలు మనిషికి కునుకు పడితే తల వాలుతుంది, ఒళ్లు ఒరుగుతుంది, ఉలిక్కిపడి లేస్తాడు. ఆత్మకూరు పక్క పల్లెలో ఉండే గుర్వయ్య ఒరగడు. పన్నెండో ఏట మంద వెనక నడవడం మొదలుపెట్టి నలభై ఏళ్లు నడిచిన మనిషి, ఒంటికి ఆ విద్య అబ్బింది. అతను నిద్రపోయాడని పట్టుకోగలిగింది లోకంలో భార్య బక్కమ్మ ఒక్కతే. కింది పెదవి కొద్దిగా జారుతుంది. అంతే గుర్తు.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు, ఒక చలికాలం కుక్కలు దొడ్లో పడి పదకొండు గొర్రెపిల్లలను కొరికి చంపాయి. అప్పటినుంచి ఆరు నెలలు గుర్వయ్యకు రాత్రుళ్లు కంటిమీద కునుకు లేదు. తలనొప్పి, చిరాకు, అన్నం సయించదు. ఊళ్లో రిటైరైన ప్రేమ్‌సాగర్ సారు తన ఇంటి పైన రేకుల షెడ్డు వేసి పొద్దున పూట ధ్యానం నేర్పిస్తున్నాడు. "నువ్వు గూడ రా గుర్వయ్యా, అన్ని రోగాలు పోతయి" అన్నాడు. తెల్లవారి బక్కమ్మ మంద దగ్గరికి రాగానే ఇతను సారు ఇంటికి పోవడం మొదలుపెట్టాడు. మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చోవాలట, దానికి వజ్రాసనమని పేరు.

"నాకు ధ్యానం గీనం ఏం తెలుస్తలేదే. గట్ల కూసుంటే కమ్మగ నిద్ర పడతాంది" అని మొదటి వారమే భార్యతో అన్నాడు.

"ఇంట్ల మంచముండంగ సారు ఇంటికి పోయి నిద్రవోతున్నవా? మంచిగుంది నీ కత" అని ఆమె నవ్వింది. నిజానికి ఆమెకు సంతోషమే. ఎక్కడైతేనేం, మనిషి నిద్రపోతున్నాడు కదా.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగనిస్తారా? షెడ్డులో మిగతావాళ్లు దగ్గుతారు, గోక్కుంటారు, కాలు మార్చుకుంటారు. గుర్వయ్య పాతిన రాయిలా ఉంటాడు. సారు అందరికీ చూపించి, "సదువుకున్న మీకు పట్టుబడనిది ఈయనకు పట్టుబడ్డది" అన్నాడు. నిన్నమొన్నటిదాకా "ఏయ్ గుర్విగా, నీ గొర్లు నా చేన్ల పడ్డయి" అని అరిచినవాళ్లు "గుర్వయ్య గారూ" అని కుర్చీ వేయసాగారు. ఒక పంతులమ్మ కాళ్లకు మొక్కింది. అందరూ కలిసి మునగచెట్టు ఎక్కించారు, ఈయన ఎక్కాడు. బతుకంతా తిట్లు తిన్నవాడికి ఒక్క మంచిమాట ఎంత మత్తో, తిట్లు తినని వాళ్లకేం తెలుసు?

"నిద్రవోతున్నని ఎవ్వరికీ చెప్పకే" అని బక్కమ్మను బతిమాలాడు. ఆమె చెప్పలేదు.

అప్పటికే లేచేటప్పుడు కుడికాలు మొద్దుబారేది. పాదం మీద గొర్రె తొక్కినా తెలిసేది కాదు. సారునడిగితే, "శక్తి పారుతున్నట్టు, మంచిదే" అన్నాడట. గొర్రె కాలు కుంటితే ఆ పూటే మందు పూసే మనిషి, తన కాలు మొద్దుబారితే మంచిదే అనుకున్నాడు.

గుర్వయ్య చేరిన నలభై ఒకటో రోజున మూడు గంటలు కదలకుండా కూర్చోవాలని పెట్టారు. మహబూబ్‌నగర్ నుంచి కూడా మనుషులొచ్చారు. దానికి ముందు రెండు రాత్రులు ఒక గొర్రె ఈనలేక తన్నుకుంటుంటే గుర్వయ్య రెప్ప వేయలేదు. పొద్దెక్కింది, మేతకు తోలాల్సిన మంద అరుస్తోంది, మనిషి జాడ లేదు. బక్కమ్మ సారు ఇంటి మెట్లెక్కి గుమ్మంలోంచి చూసింది. అందరికన్నా ముందు, మెడలో పూలదండతో, గుర్వయ్య. కింది పెదవి జారి ఉంది.

"సారూ, ఆయన నిద్రవోయిండు. లేపుండ్రి" అంది మెల్లగా.

సారు పెదవుల మీద వేలు పెట్టాడు. "సమాధిల ఉన్నోన్ని ముట్టొద్దమ్మా. ముట్టుకుంటే ప్రాణానికే ముప్పు."

పెనిమిటి ప్రాణం అనేసరికి ఆమె కాళ్లు వెనక్కి పడ్డాయి. అంతమందిలో ఆయన గుట్టు బయటపడుతుందన్న భయం కూడా ఉంది. మందను తానే తోలుకుపోయింది.

మధ్యాహ్నం గుర్వయ్యను ఇద్దరు మోసుకొచ్చారు. లేవబోయి ముందుకు పడ్డాడట. "సమాధి మత్తు, దిగుతది" అని సారు చెప్పి పంపాడు. మత్తు దిగింది. కుడిపాదం మాత్రం పైకి లేవలేదు. వారం చూసి దవాఖానకు పోయారు. కూర్చొనే నిద్రపోయానని గుర్వయ్య చెప్పాక డాక్టరమ్మ మోకాలి పక్కన వేలు పెట్టి చూపించింది. "ఈడ ఉండే నరం గంటల కొద్ది నలిగింది. వేరేవాళ్లయితే నిద్ర పట్టంగనే పక్కకు ఒరిగి లేస్తరు. ఈయన ఒరగలే. కాలు మళ్ల రావచ్చు, రాకపోవచ్చు. ఆర్నెల్లు చూడాలె."

తొమ్మిది నెలలయింది. రాలేదు.

కాలు ఎత్తితే పాదం వేలాడుతుంది, దించితే టప్పున నేలకు కొడుతుంది. ప్రేమ్‌సాగర్ సారు ఒకసారి పండ్లు తెచ్చి పలకరించాడు. "ఎట్లాగూ నడవలేవు గదా, వచ్చి కూసో" అన్నాడు. బక్కమ్మ ఆ పండ్ల సంచి గడప బయట పెట్టి తలుపేసింది.

ఎండలు ముదిరాయి. గడ్డి మాడిపోయాక మందలు కృష్ణ ఒడ్డుకు నడవాల్సిందే, లేకపోతే బతకవు. తన తమ్ముడు సోమన్నను తోడు పెట్టుకొని బక్కమ్మ బయలుదేరింది. ఊరి చివరిదాకా వస్తానని గుర్వయ్య మంద వెనక నడిచాడు. టప్, టప్. ఆ చప్పుడుకు వెనక గొర్లు బెదిరి ముందువాటి మీద పడ్డాయి. మంద చెదిరి రోడ్డుకు అడ్డంగా ఉరికింది. అవన్నీ అతని చేతుల్లో పుట్టిన గొర్లు. గుర్వయ్య నిలబడిపోయాడు. మళ్లీ అడుగు వేయలేదు.

సోమన్న మందను కూడగడుతుంటే బక్కమ్మ వెనక్కి వచ్చింది. తొమ్మిది నెలలుగా దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "గా దినం నేను గుమ్మం కాడికొచ్చిన. నీ పెదవి చూసిన. నిద్రవోయినవని ఎర్కుండి గూడ లేపకుంట పోయిన."

గుర్వయ్య పాదం వంక చూసుకున్నాడు.

"లేపితే నిన్ను కొట్టేటోన్నే" అన్నాడు. "గంత మందిల నా ఇజ్జత్ తీసినవని కొట్టేటోన్ని."

అది నిజమేనని ఇద్దరికీ తెలుసు. బక్కమ్మ అతని చేతిలోని కట్టె తీసుకొని మంద వెనక నడిచింది.