ముట్టుకోవద్దన్న స్టీరింగ్

మా నాన్నకీ నాకూ గొడవలన్నీ ఆయన కుడికాలి వల్లే మొదలయ్యాయి. ముప్పై ఏళ్లు ఘాట్ రోడ్ల మీద బస్సు నడిపిన మనిషి. ఆయన రిటైరైనా ఆ కాలు మాత్రం రిటైరవలేదు. ఎవరి పక్కన కూర్చున్నా సరే, వంపు రాగానే అక్కడ బ్రేకు ఉన్నట్టే నేలని తొక్కుతుంది. మూడు నెలలు ఉండటానికి న్యూజీలాండ్ వచ్చిన రోజు, ఎయిర్‌పోర్టు నుంచి టౌరంగా చేరేలోపు మా పికప్ నేలని ఎన్నిసార్లు తొక్కాడో చెప్పలేను. నేను నడుపుతున్నాను. నాకు ఒళ్లు మండిపోయింది.

మాకు ఇల్లు లేదు, మోటార్ హోమ్ ఉంది. పొయ్యి, మంచం, బాత్రూమ్ అన్నీ లోపలే ఉండే పెద్ద బండి. నేను నర్సుని. ఏ ఊళ్లో వృద్ధుల రెస్ట్ హోమ్ కాంట్రాక్టు దొరికితే ఆ ఊరికి మా కాపురం కదులుతుంది. మా ఆయనకి పళ్లతోటల్లో పని. కొండవాలు తోటల్లోకి వెళ్లాలంటే ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ఉండాల్సిందే. అందుకని ముందు ఇల్లు, దాని వెనక పికప్. దాన్ని ట్రైలర్ ఎక్కించం. ముందు బంపర్ దగ్గర ఇంగ్లీషు 'A' అక్షరం ఆకారంలో ఉండే ఇనుప ఫ్రేమ్ తగిలిస్తే, తన నాలుగు చక్రాల మీదే మా వెనక దొర్లుకుంటూ వస్తుంది.

అలా తగిలించడానికి మా ఆయన దగ్గర ఒక క్రమం ఉంది. గేరు పక్కన ఉండే, చక్రాల్ని ఇంజిన్ నుంచి విడదీసే చిన్న లివర్ న్యూట్రల్‌లో పెడతాడు. పెద్ద గేరు మాత్రం వేసే ఉంచుతాడు, ఆ బండి పుస్తకంలో అలాగే ఉంది. స్టీరింగ్ లాక్ కాకుండా తాళం ఒక్క మెట్టు తిప్పి వదిలేస్తాడు. హ్యాండ్ బ్రేక్ దించుతాడు. ఈ నాలుగింట్లో ఏది తప్పినా గేర్ బాక్స్ ముక్కలైనా అవుతుంది, చక్రాలు బిగిసి మేం రోడ్డు పక్కకైనా పోతాం.

నాన్నకి ఈ పద్ధతి ఏమాత్రం మింగుడు పడలేదు. "డ్రైవర్ లేని బండిని రోడ్డెక్కించడమేంటమ్మా? నేను నడుపుకుంటూ వెనకాలే వస్తాను కదా," అనేవాడు. దానికోసమే ఇంటర్నేషనల్ పర్మిట్ తీయించుకుని, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మరీ తెచ్చుకున్నాడు. నేను వద్దన్నాను. ఇక్కడి రోడ్లు వేరన్నాను. నిజానికి ఎడమ పక్కే నడపాలి, స్టీరింగ్ కుడి పక్కే ఉంటుంది, ఆయనకి కొత్తేమీ లేదు. డెబ్బై ఏళ్ల మనిషి చేతికి తాళం ఇవ్వడం నాకు ఇష్టం లేదు, అంతే.

ఆ రోజు గిస్బోర్న్ వెళుతున్నాం. కొత్త కాంట్రాక్టు. దారిలో ఒపోటికీలో ఆగి భోజనాలు చేశాం. బయల్దేరేముందు మా ఆయన పికప్‌లోకి తొంగి చూసి, లోపలికి వంగి అన్నీ మళ్లీ మొదటి నుంచి సరిచేయడం మొదలుపెట్టాడు. నాన్న మేం చూడకుండా వెళ్లి గేరు తీసేసి, హ్యాండ్ బ్రేక్ లాగి పెట్టాడట. "ఆగి ఉన్న బండికి హ్యాండ్ బ్రేక్ లేకపోతే ఎలాగమ్మా? అల్లుడు మర్చిపోయాడేమో అనుకున్నా," అన్నాడు.

నాకు తిక్క రేగింది. "ఇది నీ బస్సు కాదు నాన్నా. మేం చూసుకోకుండా బయల్దేరి ఉంటే ఏమయ్యేదో తెలుసా? ఈ బండిలో నువ్వు దేన్నీ ముట్టుకోకు. అర్థమైందా? దేన్నీ."

మా రెస్ట్ హోమ్‌లో ఏ ముసలాయనతోనైనా ఆ గొంతుతో మాట్లాడి ఉంటే నా మీద కంప్లయింట్ వెళ్లేది. నాన్న మోటార్ హోమ్ ఎక్కి, మా సీట్ల వెనక ఉన్న సీట్లో కూర్చుని, మధ్యలో కర్టెన్ లాగేసుకున్నాడు.

మా వంశంలో అలక చిన్న విషయం కాదు. అలిగినవాళ్లు ఎక్కడో ఒకచోట ముడుచుకుని కూర్చుంటారు, మిగతావాళ్లు వెళ్లి బతిమాలి తీసుకురావాలి. ఆ బుద్ధి నాకూ వచ్చింది. అందుకే నేను వెళ్లలేదు. నీళ్లు పట్టిన గొట్టం చుట్టి, ట్యాంక్ మూత బిగించి వచ్చి నా సీట్లో కూర్చున్నాను.

ప్రయాణం ముందు ప్రార్థన మా ఇంటి అలవాటు. అది ఎప్పుడూ నాన్నే చేస్తాడు. మా ఆయన కర్టెన్ వైపు తిరిగి, "మావయ్యగారూ, ప్రార్థన చేద్దామా?" అన్నాడు. జవాబు లేదు. "ఉండనీ, నువ్వే చెయ్," అన్నాను. మా ఆయన కళ్లు మూసుకుని నాలుగు మాటల్లో ముగించాడు. నేనూ ఆమెన్ అన్నాను. బండి కదిలింది.

బండి వెనక కెమెరా ఉంటుంది, దాని స్క్రీన్ మా ముందు ఉంటుంది. ఫ్రేమ్ సరిగ్గా ఉందా లేదా చూస్తూ ఉండటం నా డ్యూటీ. మిట్టమధ్యాహ్నం ఎండ. పికప్ అద్దం నిండా ఆకాశమే కనిపిస్తోంది. అరగంట సేపు ఆ తెల్లటి అద్దాన్నే చూస్తూ, నాన్నకి ఎలా బుద్ధి చెప్పాలా అని మనసులో మాటలు పేర్చుకుంటూ కూర్చున్నాను.

తర్వాత రోడ్డు కొండల మధ్య లోయలోకి దిగింది. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క కింద ఏరు. పైన చెట్ల నీడ పడగానే అద్దంలో ఆకాశం పోయింది. లోపలున్నది కనిపించింది.

డ్రైవర్ సీట్లో మా నాన్న కూర్చుని ఉన్నాడు.

ముందు నమ్మలేదు. కర్టెన్ లాగి చూశాను. సీటు ఖాళీ. ఛార్జింగ్‌కి పెట్టిన ఆయన ఫోన్ అక్కడే ఉంది. మళ్లీ స్క్రీన్ చూశాను. ఉన్నాడు. ఆయన ముందు స్టీరింగ్ పైభాగం తనంతట తనే ఎడమకి తిరుగుతోంది, కుడికి తిరుగుతోంది.

ఒక్క చెయ్యి వేస్తే చాలు. బండి తనంతట తను తిరిగిపోతుంటే ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టిన మనిషి పట్టుకోకుండా ఉంటాడా? పట్టుకుని బలంగా తిప్పితే పక్కన ఏరు. ఎలాగైనా ఆపాలని ఆ చిన్న లివర్ లాగినా, హ్యాండ్ బ్రేక్ లాగినా అంతే. ఇందాక ఆయన చేసిందీ అదే కదా.

మా ఆయనకి చెబితే గట్టిగా బ్రేకు తొక్కుతాడు. అందుకని చెప్పలేదు. పేషెంట్‌కి ఏదో అవుతున్నప్పుడు మాకు ఒక గొంతు వస్తుంది, నర్సులందరికీ వస్తుంది. ఆ గొంతుతో, "ముందు ఎక్కడైనా చోటుంటే మెల్లగా పక్కకి ఆపు," అన్నాను.

"ఇక్కడెక్కడ ఆపుతాం? ఏమైంది?"

"టాయిలెట్."

"ఇల్లే మనతో వస్తుంటే టాయిలెట్‌కి ఆపడమేంటి?" అని నవ్వాడు. అంతలో నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. ఇంకేమీ అడక్కుండా స్పీడు తగ్గించాడు.

ఆగే చోటు దొరకడానికి ఎనిమిది వంపులు పట్టింది. లెక్కపెట్టాను. ప్రతి వంపులోనూ నాన్న చేతుల కోసం స్క్రీన్‌లో వెతికాను. అద్దం కింది భాగం చీకటిగా ఉంది, చేతులు కనబడలేదు. మొహం మాత్రం కనబడుతోంది. కళ్లు ఆ స్టీరింగ్ మీదే ఉన్నాయి. దేవుడా, నేనన్న మాట వెనక్కి తీసుకుంటాను, ఆ చేతుల్ని కదలనివ్వకు అని ప్రార్థించాను. పొద్దుట్నుంచి నేను నిజంగా చేసిన ప్రార్థన అదొక్కటే.

బండి పూర్తిగా ఆగకముందే దూకాను. పికప్ తలుపు తీశాను.

రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుని ఉన్నాడు నాన్న.

"నాన్నా, చేతులు తియ్యి," అన్నాను. తియ్యలేదు. నేనే ఒక్కొక్కటీ లాగాను. వేళ్లు తెల్లబడి, సీటు కుట్ల అచ్చులు పడి ఉన్నాయి. మణికట్టు పట్టుకుని నాడి చూశాను. లెక్క నిలవలేదు. మళ్లీ మొదలుపెట్టాను. అప్పుడూ నిలవలేదు. తప్పుతోంది నా లెక్కే.

"ఇక్కడికెందుకొచ్చావు?"

"ప్రార్థనకి పిలుస్తావు కదా అని. మీరు బయట పనిలో ఉండగా దిగొచ్చా. నువ్వొచ్చి పిలుస్తావని కూర్చున్నా. బండి కదిలిపోయింది."

"హారన్ కొట్టొచ్చు కదా నాన్నా. హారన్ పనిచేస్తుంది కదా."

"దేన్నీ ముట్టుకోవద్దన్నావు కదమ్మా."

అందులో దెప్పిపొడుపు ఉందేమోనని ఆయన కళ్లలోకి చూశాను. ఉంటే బాగుండేది. లేదు. అరగంట సేపు ప్రతి వంపులోనూ చేతుల్ని ఒంటి కింద అదిమిపెట్టుకుని, కూతురు చెప్పిన మాట తూచా తప్పకుండా పాటించాడు. ఆ మాటే ఆయన్ని బతికించింది. ఆ మాట నేను అని ఉండకపోతే ఆయన అక్కడ కూర్చునేవాడే కాదు. రోడ్డు పక్కన నిలబడి గట్టిగా ఏడ్చాను. మా ఆయన పికప్ చక్రానికి చేరగిలబడి నేల మీద కూర్చుండిపోయాడు.

కాస్త నీళ్లు తాగించి, నాన్నని ముందు నా సీట్లో కూర్చోబెట్టి బెల్ట్ పెట్టాను. కర్టెన్ తీసేసి నేను వెనక సీట్లో కూర్చున్నాను. ప్రార్థన ఈసారి ఆయనే చేశాడు, చిన్నగా. నేను కళ్లు మూసుకోలేదు.

బండి కదిలింది. అక్కణ్ణించి ఆయన కుడికాలు నాకు స్పష్టంగా కనబడుతోంది. మొదటి వంపు వచ్చింది. కాలు కదల్లేదు. రెండోది వచ్చింది, మొదటిదాని కంటే గట్టి వంపు. అప్పుడూ కదల్లేదు. చెప్పు వదిలేసిన పాదం నేల మీద ఊరికే పడి ఉంది.

"నాన్నా, వంపు వస్తోంది," అన్నాను.

"అబ్బాయి చూసుకుంటాడులే అమ్మా," అన్నాడు, కిటికీ వైపు మొహం తిప్పుకుని.

ఆ వంపులో నేలని గట్టిగా తొక్కింది నా కాలు.