హ్యాండిల్ తిరిగింది, చక్రం తిరగలేదు

గుండె నిబ్బరం ఉన్నవాళ్లే ఇది చదవండి. ఇందులో ఒక ఉద్యోగం, ఒక పెళ్లి సంబంధం, ఒక సైకిల్, మా మేనమామ ముందుపన్ను ఉన్నాయి. ఈ నాలుగూ ఒకే పొద్దున, ఒకే వాలులో, ఒకదాని వెనక ఒకటి జారిపోబోయాయి. పన్ను నిజంగానే పోయింది. మిగతా మూడింటి సంగతి చెబుతాను.

తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు మాట. బొగ్గుగనిలో పనిచేసిన మా బాపుకు ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టర్లు తేల్చి ఇంటికి పంపారు. ఆయన ఉద్యోగం నాకు వచ్చింది, దాంతోపాటు ఆయన సైకిలూ వచ్చింది. ఉద్యోగం గోదావరిఖని పక్క గనిలో. సైకిల్ మాత్రం ఏ యుద్ధంలో వాడి పారేశారో తెలియదు. బాపు ఆరడుగుల మనిషి. నేను అమ్మ పోలిక. ఆయన కొలతలకు పుట్టిన ఆ బండి ఎక్కితే హ్యాండిల్ అందడానికి బొగ్గు టబ్బును కౌగిలించుకున్నంత పని అయ్యేది. సీటు దించితే మోకాళ్లు గడ్డానికి తగిలేవి. ఎత్తితే పెడల్ మీద బొటనవేలు మాత్రమే ఆనేది. బొగ్గు లారీలు రోడ్డుకు పెట్టిన గుంతలన్నీ నేరుగా నా వెన్నెముకలో దిగేవి.

నవ్వకండి, దీని వెనక పెద్ద చిక్కే ఉంది. అప్పటికి నేను బదిలీ వర్కర్ని, అంటే ఇంకా పర్మనెంట్ కాని కూలీని. ఏడాదిలో కావాల్సినన్ని హాజర్లు పడితేనే పర్మనెంట్ చేస్తారు. హాజరును మేం మస్టర్ అంటాం, డ్యూటీ ఎగ్గొడితే నాగా అంటాం. సైకిల్ దెబ్బకు నడుం పట్టేసి నేను చేసిన నాగాలు చేసినన్ని. డిసెంబరు ఆఖరి రోజు ముంగిట నిలబడేసరికి నాకు ఒక్క మస్టర్ తక్కువ పడింది. ఆ ఒక్కటీ పడితే పర్మనెంటు, పడకపోతే మళ్లీ ఏడాది మొదటి నుంచీ మొదలు.

మా మేనమామ ఓదెలు అంతవరకు ఆగే రకం కాదు. అదే గనిలో, అదే షిఫ్టులో పనిచేసే ఆయన, నాకు పిల్లనిచ్చే మాట మీద అమ్మతో తెగేసి చెప్పాడు.

"పిలగాడు ఈ ఏడు పర్మనెంటైతె స్వరూపనిస్త అక్కా. కాకుంటె గోలేటి గని సంబంధం తయారుగ ఉన్నది. ఆ పిలగాడు పర్మనెంటు."

స్వరూప అంటే నాకు ప్రాణం. ఆ సంగతి ఆమెకు తప్ప మా కాలనీ మొత్తానికి తెలుసు. లేడీస్ సైకిల్ మీద కాలేజీకి పోతూ ఆమె మా క్వార్టర్ ముందు గంట కొడితే, అది ఎదురొచ్చిన మేక కోసమని తెలిసినా నేను బయటికి ఉరికేవాణ్ని.

రేపు ఆఖరి మస్టర్ అనగా, ముందు రోజు సాయంత్రం నడుం మళ్లీ కలుక్కుమంది. నాకు భయం పట్టుకుంది. పొద్దున లేవలేకపోతే? సగం దారిలో పట్టేస్తే? తెలివైనవాడైతే నడిచి పోయేవాడు. నేను ఐటీఐలో ఫిట్టరు పాసైనవాణ్ని. అందుకని సైకిల్‌నే నా నడుముకు తగ్గట్టు మార్చేద్దామని ఒక దోస్తు ఇంటి నుంచి రేసు సైకిల్ హ్యాండిల్ తెచ్చాను. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన రకం. దాన్ని చూసి బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏందిరా గది?"

"హ్యాండిల్ బాపు. ఒంగి తొక్కితె బరువు నడుం మీద పడది. ఇది సైన్సు."

"మరి యాడ పడ్తది?"

"చేతుల మీద."

"చేతులు గూడ పట్టేస్తె?"

దానికి సైన్సులో జవాబు లేదు కాబట్టి పని మొదలుపెట్టాను. కొత్త హ్యాండిల్ కాడ మా సైకిల్ గొట్టంలో వదులుగా ఆడింది. పాత ట్యూబు ముక్క చుట్టి సుత్తితో దిగ్గొట్టాను. పాత బ్రేకుల కడ్డీలు ఈ హ్యాండిల్‌కు ఎక్కడా ఇమడలేదు. వాటిని విప్పి మంచం కిందికి తోశాను.

"ఒరేయ్, బ్రేకులు లేకుండ ఎట్ల ఆపుతవుర?"

"కాళ్లున్నయ్ కద బాపు. ఏం ఫికర్ చెయ్యకు."

"సైకిల్ షాపుకన్న తీస్కపోయి సూపియ్యిరా."

సైకిల్ షాపుకా! ఫిట్టరు పాసైనవాడు పోయి పంక్చర్లు వేసే షాపు ముందు నిలబడడమా! నామోషీగా అనిపించి ఆ మాట విననట్టే ఊరుకున్నాను.

తెల్లవారి మంచు దట్టంగా ఉంది. ఫస్టు షిఫ్టుకు బయలుదేరాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మొదటి కొంత దూరం స్వర్గం. నడుం హాయిగా ఉంది. కడుపు మాత్రం సైకిల్ కడ్డీకి ఆనుతోంది. ఈ హ్యాండిల్ గొప్పతనం గనిలో ఎవరెవరికి చెప్పాలో మనసులో వరస పెట్టుకుంటూ కాలనీ మలుపు దగ్గరికి వచ్చాను. అక్కడ మంచులోంచి ఒక ఆకారం చెయ్యెత్తింది.

"ఆగు అల్లుడా! నా సైకిల్ పంక్చరైంది."

ఓదెలు మామ. ఆ మనిషి గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెడతాడు. నా అనుమానం, దుంగ లేనిచోట తనే నిలబడతాడని. అంత భారీ మనిషి టిఫిను డబ్బా పట్టుకుని క్యారియర్ మీద కూర్చుంటే ముందు చక్రం కాస్త గాలిలోకి లేచింది. కాదనే ధైర్యం నాకు లేదు. పిల్లనిచ్చే మామను ఆఖరి మస్టర్ రోజున రోడ్డు మీద వదిలేసి పోవడమంటే గోలేటి పిలగాడికి నేనే కబురు పెట్టినట్టు.

మలుపు దాటితే గని దాకా ఒకటే వాలు. సైకిల్ వేగం అందుకుంది. మొదటి గుంతలో దిగి లేచాక హ్యాండిల్ కొద్దిగా కదిలింది. రెండో గుంత తర్వాత నా చేతుల్లో పెరుగు చిలికే కవ్వంలా అటూ ఇటూ తిరిగింది. గొట్టంలో ట్యూబు ముక్క ఊడిపోయిందని అర్థమైంది. వెనక మామ నిమ్మళంగా పెళ్లి ఖర్చుల గురించి మాట్లాడుతున్నాడు. ఇంతలో ఎదురుగా మంచులో ఎడ్లబండి తోక కనబడింది.

"అల్లుడా, బ్రేకు కొట్టు."

"బ్రేకులు ఇంట్ల ఉన్నయ్ మామా."

"ఇంట్లనా?"

"మంచం కింద."

మామ నా చొక్కా పట్టుకున్నాడు. "గట్లయితె పక్కకు తిప్పురా!"

"తిప్పిన మామా!"

"ఏది? సక్కగనే పోతున్నది గద!"

"హ్యాండిల్ తిరిగింది మామా. చక్రం తిరుగుతలేదు!"

ఆ తర్వాత ఆయన పిలవని దేవుడు లేడు. ఊళ్లో పోచమ్మ, కొమురెల్లి మల్లన్న, ఆఖరికి గని మేనేజరు. ఎవరు విన్నారో గాని ముందు చక్రం ఒక రాయికి తగిలి దానంతట అదే పక్కకు మళ్లింది. గనిలో నింపడానికి రోడ్డు పక్కన పోసిన ఇసుక కుప్పలోకి మేమిద్దరం తలకిందులుగా దిగాం. ఎడ్లబండివాడు వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

నేను లేచేసరికి నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. మామ ఇసుకలో కూర్చుని టిఫిను డబ్బాను కోపంగా చూస్తున్నాడు. దాని మూతకే ఆయన పన్ను తగిలింది.

"నా పన్ను ఏదిరా?"

అప్పుడే గని సైరన్ మోగింది. ఇంకాసేపట్లో మస్టర్ కిటికీ మూసేస్తారు. మామ మాత్రం మోకాళ్ల మీద పాకుతూ ఇసుక జల్లెడ పడుతున్నాడు.

"మామా, పన్ను మాపటికి ఎతుకుదాం. జల్ది రా, మస్టర్ పోతది!"

"యాడ పోతవుర గా బొప్పితోని? దెబ్బ తగిలినోన్ని గనిల దింపరు. ఇంటికాడ దెబ్బ తగిలించుకొని గనిల తగిలిందని రాయించుకునేటోళ్లుంటరని కిటికీకాడనే మొకం సూస్తరు."

మస్టర్, స్వరూప, పర్మనెంటు అన్నీ ఆ బొప్పి వెనక దాక్కున్నట్టు అనిపించి నాకు ఏడుపొచ్చింది. చుట్టూ చూశాను. రోడ్డు పక్కన లారీల మీంచి రాలిన బొగ్గుపొడి. బుర్రలో మెరుపు మెరిసింది. అలాంటి మెరుపులకు నా బుర్ర పెట్టింది పేరు.

"మామా, బొగ్గు పూసుకుంటె? బొప్పి కనవడది, రక్తం కనవడది. గనోళ్ల మొకాలు నల్లగ ఉంటె ఎవరనుమానిస్తరు?"

మామ ఇసుక వదిలి లేచాడు. "మంచిగనే ఉన్నదిరా," అని తనూ రెండు గుప్పిళ్లు తీసుకుని పూసుకున్నాడు. ఇద్దరం కళ్లు, చెవులు తప్ప ఏమీ కనబడకుండా తయారై, సైకిల్ను ఈడ్చుకుంటూ పరుగెత్తాం.

మీకు అప్పుడే అర్థమై ఉంటుంది. మాకు కాలేదు. గనిలో పనిచేసే మనిషి తెల్లగా దిగి నల్లగా పైకొస్తాడు. నల్లగా పోయి దిగేవాడు ఈ బొగ్గుబాయిల చరిత్రలో లేడు. ఆ ముక్క పసిపిల్లలకు కూడా తెలుసు. కళ్ల ముందు కిటికీ మూసుకుపోతుంటే మాకు మాత్రం తోచలేదు.

కిటికీ లోపల మస్టర్ క్లర్కు లింగయ్య తలెత్తకుండానే చెయ్యి ఊపాడు. "నైట్ షిఫ్టోళ్లు అటు దిక్కు."

"లింగన్నా, మేం ఫస్టు షిఫ్టు. మస్టర్ ఎయ్యి."

లింగయ్య తలెత్తాడు. "ఫస్టు షిఫ్టైతె మొకం గట్లెందుకున్నది? ఇంక దిగనే లేదు గద?"

"పొద్దుగాల ఇంట్ల బొగ్గుపొయ్యి ఊదిన."

"ఇద్దరు కలిసి ఒకటే పొయ్యి ఊదిన్రా?"

మామ సర్దిచెబుదామని నవ్వాడు. ఆ నల్లటి మొహంలో ఎర్రటి సందు ఒకటి తెరుచుకుంది. లింగయ్య కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"నాకు సమజైంది. రాత్రి డ్యూటీ చేసి పైకొచ్చి, మల్ల ఫస్టు షిఫ్టు మస్టర్ గూడ కొట్టేద్దామని సూస్తున్నరు. ఉండున్రి, సార్‌ను పిలుస్త. ఛార్జిషీటే!"

మస్టర్ పోతుందని భయపడి వస్తే ఇప్పుడు ఉద్యోగమే పోయేలా ఉంది. కోస్తా నుంచి వచ్చిన అండర్ మేనేజరు సారు చేతిలో టీ గ్లాసుతో వచ్చి మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు.

"ఏవయ్యా, ముందు మొహాలు కడుక్కోండి."

నా బతుకులో అంత నెమ్మదిగా ఎప్పుడూ మొహం కడుక్కోలేదు. పడ్డామని చెబితే గనిలో దింపరు, మస్టర్ ఉండదు. చెప్పకపోతే దొంగ మస్టర్ కేసు. రెండు దోసిళ్ల నీళ్లకే బొప్పి ఉదయించింది.

"ఏంటయ్యా అది?"

నేను బొప్పి మీద ఇంకో దోసెడు నీళ్లు కొట్టుకున్నాను. మామకు ఓపిక నశించింది. "సార్, వీడు సైకిల్‌కు కొత్త హ్యాండిల్ ఏసిండు. అటు తిప్పితె ఇటు పోతది, ఇటు తిప్పితె యాడికీ పోది. బ్రేకులు మంచం కింద ఉన్నయ్. నా పన్ను ఇసుకల ఉన్నది."

అంతా బయటపడింది. ఇక దాచేదేమీ లేక నేను నిజంగానే ఏడ్చేశాను. "సార్, ఈ ఒక్క మస్టర్ పడకుంటె నేను పర్మనెంట్ గాను. పర్మనెంట్ గాకుంటె నాకు పిల్లనియ్యడు సార్."

"ఎవరయ్యా ఇవ్వనిది?"

"గీయనే సార్."

సారు మామ నోటి వంక చూశాడు. నా బొప్పి వంక చూశాడు. టీ గ్లాసు లింగయ్య బల్ల మీద పెట్టి, గోడకు ఆనుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

"మిమ్మల్ని గనిలోకి దింపేది లేదు. ఆస్పత్రికెళ్లి కట్టు కట్టించుకు రండి. సాయంత్రం దాకా పైనే సైకిల్ స్టాండు ఊడవండి. లింగయ్యా, ఇద్దరికీ మస్టర్ వెయ్యి."

ఆ రోజు మామా అల్లుళ్లం చెరో చీపురు పట్టి స్టాండు ఊడ్చాం. ఏ సైకిల్ హ్యాండిల్ వైపు నా చెయ్యి పోయినా మామ చీపురుతో అడ్డం కొట్టాడు. ఆయన కోపం చూసి, మస్టర్ దక్కినా పిల్ల దక్కదని నేను లోలోపల కుమిలిపోయాను.

కొన్నాళ్లకు పర్మనెంట్ ఆర్డరు చేతికొచ్చింది. అప్పుడు మామ పదిమందిని వెంటబెట్టుకుని మా క్వార్టరుకు వచ్చాడు, స్వరూపనూ తీసుకొచ్చాడు. అందరి ముందు గొంతు సవరించుకున్నాడు.

"మాటిచ్చిన, పిల్లనిస్త. కాని అందరి ముంగట ఒట్టెయ్యాలె. నా బిడ్డ సైకిల్ మీద ఉన్నంతసేపు నువ్వు హ్యాండిల్ ముట్టద్దు."

"ముట్టకుంటె సైకిల్ ఎట్ల తొక్కాలె మామా?"

మామ పెద్దమనుషుల వంక చూశాడు. పెద్దమనుషులు సైకిల్ వంక చూశారు. అప్పుడు లోపలి గదిలోంచి స్వరూప గొంతు వినిపించింది. పెళ్లి మాట మొదలయ్యాక ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"నేను తొక్కుత బావా. నువ్వు ఎనుక కూసో."

కాబట్టి చదువరులారా, సూర్యచంద్రుల సాక్షిగా, ఇసుకలో కలిసిన మా మామ పన్ను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో హ్యాండిల్ విప్పను, బిగించను, ముట్టను. ఈ మాట ప్రస్తుతం కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకుని, లేడీస్ సైకిల్ క్యారియర్ మీద కూర్చుని, గోదావరిఖని బజారు నడుమ నుంచి చెబుతున్నాను.